నంబరూ నోరూ

18 నవంబరు 2024, సోమవారం

మాట, వినికిడి చికిత్స చేసేందుకున్న నా రిజిస్ట్రేషన్ రెన్యూవల్ కాగితాలన్నీ రాత్రి మంచం మీద పరిచాను. డిగ్రీ, పాత సర్టిఫికెట్టు, ఈ ఐదేళ్లలో సెమినార్లకి హాజరై కూడబెట్టిన సి.ఆర్.ఇ. పాయింట్ల పత్రాలు. కరోనా పుణ్యమా అని సెమినార్లు చాలావరకు ఆన్‌లైన్లోకి వచ్చాయి కాబట్టి బతికిపోయాను. లేకపోతే ఆ పాయింట్ల కోసం క్లినిక్‌కి తాళం వేసి సికింద్రాబాదుకో మైసూరుకో పరుగెత్తాల్సి వచ్చేది.

అమ్మ తొంగి చూసి, "డ్రైవింగు లైసెన్సులాగ మీకూ ఒకటుందా?" అంది. అలాంటిదేనమ్మా అన్నాను. కాకపోతే రోడ్డు మీద ఆపి చూపించమనే పోలీసు మాకు లేడు.

నిజంగానే లేడు. నర్సీపట్నం అబీద్ సెంటర్ దగ్గర ఈ గది అద్దెకు తీసుకున్నప్పటినుంచి ఒక్క తల్లీ తండ్రీ గోడ మీద ఫ్రేము దగ్గరికెళ్లి నా నంబరు చదివిన పాపాన పోలేదు. వాళ్లు అడిగేది ఎన్నాళ్లకి మాటొస్తుందని, ఎంతవుతుందని, ఆదివారం ఉంటారా అని. ఢిల్లీలో రిహాబిలిటేషన్ కౌన్సిల్ అనేది ఒకటుందనీ, అది కేంద్ర రిజిస్టరు నడుపుతుందనీ, అందులో పేరు లేనివాళ్లు ఈ పని చెయ్యకూడదనీ వాళ్లకి ఎవరు చెప్తారు? నేను చెబితే సొంత డబ్బా అనుకుంటారు.

21 నవంబరు, గురువారం

మాకవరపాలెం వైపు నుంచి ఒక బాబు. నాలుగేళ్లు నిండాయి. తాత ఎత్తుకొచ్చాడు.

"రెండేళ్లు తిప్పేమండి. రోజూ గంట కూకోబెట్టి మాటలు సెప్పించేవోరు. మూతి ఆడిస్తాడు గానీ మాట రాదండి."

ఎక్కడ తిప్పారో చెప్పాడు. ఇక్కడ రాయను. 'స్పీచ్ థెరపీ' అని బోర్డుంది, లోపల రంగుల బొమ్మలున్నాయి, బాగా మాట్లాడే ఒక టీచరమ్మ ఉంది. ఆవిడకు మనసు మంచిదే, తాత కూడా తిట్టలేదు. అయితే ఆ రెండేళ్లలో ఆ పిల్లాడి చెవులు పరీక్ష చెయ్యాలని ఎవరికీ తోచలేదు. వెనక నిలబడి స్టీలు గ్లాసు మీద చెంచాతో కొట్టాను. తిరగలేదు. తలుపు దబాలున వేస్తే తిరిగాడు, అదీ నేల అదురుకి.

బెరా పరీక్షకి విశాఖ పంపుతున్నాను. పిల్లాడు నిద్రలో ఉండగానే శబ్దం వినిపించి, చెవి నరం నుంచి మెదడు కాండం దాకా వెళ్లే స్పందనని తీస్తారు కాబట్టి వాడు జవాబు చెప్పక్కర్లేదు. ఏం వస్తుందో నాకు దాదాపు తెలుసు. మాకు మొదటి ఏడాదే నేర్పే లెక్క ఇది: నెల లోపు స్క్రీనింగు, మూడో నెలకి నిర్ధారణ, ఆరో నెలకి చికిత్స మొదలు. ఈ బాబుకి నాలుగేళ్లు. కేంద్ర ప్రభుత్వం ఏడిప్ పథకం కింద కాక్లియర్ ఇంప్లాంటుకి డబ్బు ఇస్తుంది, పుట్టు చెవుడైతే 5 ఏళ్లలోపు పిల్లలకే. ఇటు మన రాష్ట్ర ఆరోగ్య పథకం దారి ఉంది, దానికీ వయసు గీత ఉంది. అంటే వాళ్లు తిప్పిన రెండేళ్లూ వాడి దగ్గర ఉన్న కాలంలోంచే పోయాయి.

తాతకి ఇదంతా చెప్పలేదు. బస్సు కాగితం మీద రాసిచ్చాను: తాళ్లపాలెం మీదుగా విశాఖ, కె.జి.హెచ్., ఎవరిని అడగాలో.

30 నవంబరు, శనివారం

బాబు రిపోర్టు వచ్చింది. రెండు చెవుల్లోనూ 90 డెసిబెల్స్ దగ్గర కూడా స్పందన లేదు. ఇంప్లాంటుకి పేరు రాయించమన్నాను.

కోపం తగ్గక చట్టం తీసి చదివాను. రిహాబిలిటేషన్ కౌన్సిల్ చట్టం, 1992 నాటి 34వది. అమల్లోకి వచ్చింది 1993లో. పదమూడో సెక్షన్ తెలుగులో చెప్పుకుంటే ఇంతే: గుర్తింపు పొందిన చదువు ఉండి, రిజిస్టరులో పేరున్నవాళ్లు తప్ప మరెవరూ భారతదేశంలో ఎక్కడా పునరావాస వృత్తి చెయ్యకూడదు, ఆ పేరుతో ప్రభుత్వ ఉద్యోగంలో ఉండకూడదు, చట్టప్రకారం కావలసిన సర్టిఫికెట్టు మీద సంతకం పెట్టకూడదు, కోర్టులో నిపుణుడిగా సాక్ష్యం చెప్పకూడదు. మాట్లాడించేవాళ్లూ, చెవి పరీక్షించేవాళ్లూ, వినికిడి మిషన్ల సాంకేతిక నిపుణులూ, ప్రత్యేక విద్య టీచర్లూ అందరూ ఈ గొడుగు కిందికే వస్తారు.

శిక్ష ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. వెయ్యి! మూడు దశాబ్దాల కింద అది డబ్బే. ఇవాళ పిల్లాడికి ఒక వారం సెషన్ల ఫీజు. పోనీ ఎవరైనా కడుపుమండి కోర్టుకెళ్దామన్నా నేరుగా కేసు వెయ్యడానికి లేదు. కౌన్సిల్ అధికారం ఇచ్చిన మనిషి రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తేనే కోర్టు తీసుకుంటుంది. ఢిల్లీ నుంచి నర్సీపట్నం దాకా ఆ మనిషి ఎప్పుడు వస్తాడు?

అలాగని ఆ 'స్పీచ్ థెరపీ' బోర్డు పీకించేస్తే? అక్కడికి రోజూ వెళ్లే పిల్లలు సాయంత్రానికి నా గది ముందు నిలబడతారు. నా దగ్గర ఉన్నది ఒక బల్ల, ఒక ఆడియోమీటరు, రోజుకి ఎనిమిది గంటలు. ఈ వైపు వాదన కూడా ఎవరో ఒకరు చెయ్యాలి కదా, అందుకే రాసుకుంటున్నాను. ఒప్పుకోవడం లేదు. చెవి చూడకుండా మాట నేర్పడం తప్పే. ఆ తప్పు చెయ్యకుండా ఆపేది మంచి మనసు కాదు, చదువు. చదువుకి ఆనవాలు నంబరు. ఇంతకంటే నాకు వేరే వాదన లేదు.

3 డిసెంబరు, మంగళవారం

దివ్యాంగుల దినోత్సవం. ఊళ్లో ర్యాలీ, ట్రైసైకిళ్లు, ఫ్లెక్సీలు. నాకు మాత్రం రోజంతా పింఛను గొడవే.

జులై నుంచి దివ్యాంగుల పింఛను 3,000 నుంచి 6,000 అయింది. మంచిదే. అప్పటినుంచి మధ్యవయసు చెవిటివాళ్లు ఎక్కువయ్యారు. సదరం సర్టిఫికెట్టు ఇచ్చేది సర్కారు ఆసుపత్రి క్యాంపులోనే, నాకు ఆ అధికారం లేదు, అవసరమూ లేదు. అయినా "ముందు మీ దగ్గర రిపోర్టు తీసుకుంటే అక్కడ గట్టిగా ఉంటదట" అని వస్తారు. పింఛనుకి వైకల్యం నలభై శాతం రావాలి. మంచి చెవిలోనూ 60 డెసిబెల్స్ దాటితేనే 2016 చట్టం లెక్కలో వినికిడి లోపం.

ఇవాళ వచ్చినాయన హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్లు మూసుకుని కూర్చున్నాడు. శబ్దం బాగా పెరిగేదాకా మీట నొక్కలేదు. రెండోసారి చేస్తే మొదటిసారికీ దీనికీ 25 డెసిబెల్స్ తేడా. నిజంగా వినపడనివాడు ఎన్నిసార్లు చేసినా ఐదు అటూ ఇటూ అవుతాడు గానీ ఇంత ఊగడు. ఫైలుతో నోరు కప్పుకుని, "బయట మీ బండి ఎవరో తీస్తున్నారండీ" అన్నాను మెల్లగా. కుర్చీలోంచి లేచాడు.

తర్వాత ఇద్దరం నవ్వుకున్నాం. "ఓ పది పెంచి రాసీండి మేడమ్, మీకేటి పోయింది" అన్నాడు చివరికి. ఏం పోతుందో చెప్పాను. ఆ కాగితం కింద నా నంబరు ఉంటుంది. 'ఏ' అక్షరంతో మొదలయ్యే అంకెలవి. అవి చూసి పట్టించుకోవాల్సినవాళ్లు పట్టించుకోరు, అడ్డదారి కావాల్సినవాళ్లు మాత్రం చక్కగా గుర్తుపడతారు.

9 డిసెంబరు, సోమవారం

ఈ ఊరు విచిత్రంగా ఉంటుంది ఈ నెలలో. లంబసింగి చలి చూడ్డానికి వచ్చే కార్లు తెల్లారకముందే ఘాట్ వైపు ఎక్కుతుంటాయి. కొండమీదివాళ్లు అదే రోడ్డున ఆసుపత్రులకి దిగుతుంటారు. 2022 ఏప్రిల్ నుంచి నర్సీపట్నం అనకాపల్లి జిల్లా, చింతపల్లి అల్లూరి జిల్లా. కాగితం పనికి వాళ్లు పాడేరు వెళ్లాలి. జబ్బుకి మాత్రం ఎప్పట్లాగే ఇక్కడికి.

జి.కె.వీధి పైనుంచి ఒక తల్లి, ఐదేళ్ల బాబు. అంగన్‌వాడీలో "మాట స్పష్టం లేదు" అని రాసి పంపారు. వినికిడి చూశాను, బాగుంది. బొమ్మల పుస్తకం తీశాను. కోడి బొమ్మ చూపిస్తే బాబు ఏదో అన్నాడు, నాకు అంతు చిక్కలేదు. మళ్లీ అడిగితే మళ్లీ అదే.

బయట పేర్లు రాసే మా చింతపల్లి అమ్మాయి తలుపు దగ్గరికొచ్చి, "తుతుదా అంటన్నాడు మేడమ్. కుకుడా. కోడి" అంది.

వాళ్ల ఇంట్లో ఆదివాసీ ఒడియా. ఈ అమ్మాయికి అది పుట్టిన భాష. ఇక అక్కడినుంచి తనని పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఒక్కో బొమ్మకీ బాబు అన్నది నాకు చెప్పింది, వాళ్లింట్లో ఎలా అంటారో పలికి వినిపించింది. అరగంటలో బొమ్మ కట్టింది: 'క'లన్నీ 'త'లు, 'డ'లన్నీ 'ద'లు. తెలుగు పిల్లాడు కుక్కని తుత్త అన్నట్టే. నాలుక వెనక భాగం లేవాల్సిన చోట మొన ముందుకొస్తోంది. మాటల సంపదకి ఏ లోటూ లేదు, వాళ్ల భాషలో వాడు గడగడా చెప్తున్నాడు. తెలుగులో పరీక్షించి "భాష ఆలస్యం" అని రాసిపారేస్తే ఇంకో రెండేళ్లు పోయేవి ఇంకో పిల్లాడివి.

తెలుగుకైతే ఉచ్చారణ పరీక్షలున్నాయి. ఉస్మానియాలో దుగ్గిరాల వసంత గారి వంటివాళ్లు పిల్లల తెలుగు మీద ఏళ్ల తరబడి పని చేశారు కాబట్టి మాకు చేతిలో ఏదో ఉంది. కొండమీది కువి భాష మాట్లాడే పిల్లాడొస్తే నా దగ్గర ఏముంది? వాళ్లమ్మా, తెలుగు వచ్చిన వాళ్ల మేనమామా.

15 డిసెంబరు, ఆదివారం

ఫ్రిస్కో నుంచి వదిన ఫోను. టెక్సస్‌లో డాలస్ పక్క ఊరది, అక్కడా తెలుగువాళ్లే ఎక్కువట. మా పెద్దమ్మ కోడలు. వాళ్ల బాబుకి మూడేళ్లు దాటాయి, పది పదిహేను మాటలకి మించి రావడం లేదు. అక్కడ చూపిస్తున్నారు. ఎవరో "ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషొక్కటే మాట్లాడండి" అన్నారట. మానేసింది పిచ్చిది. అత్తగారు ఇంగ్లీషు రాక పిల్లాడితో మాట్లాడ్డమే మానేశారు.

"రెండు భాషలు వినడంవల్ల మాట ఆలస్యం కాదు వదినా, ఆ సలహా ఏనాడో పాతబడింది. పెద్దమ్మని కథలు చెప్పనీ" అన్నాను.

"అయితే నువ్వే తెలుగులో చెప్పవే వాడికి. వారానికి రెండు రోజులు, వీడియోలో. డాలర్లలోనే ఇస్తాం, ఊరికే వద్దు."

డాలర్లు అనగానే ఒక్క నిమిషం లెక్క వేసుకున్నాను, ఎందుకు దాచడం. తర్వాత కుదరదన్నాను. పిల్లాడు కూర్చున్న రాష్ట్రం లైసెన్సు ఉండాలి, నేను కూర్చున్న ఊరిది కాదు. మేనత్తగా ఎంతసేపైనా మాట్లాడతాను, పాటలు పాడతాను. థెరపీ అని పేరు పెట్టి డబ్బు తీసుకోను. వదినకి కోపం వచ్చింది. "నీకు ఇన్నేళ్ల అనుభవం, డిగ్రీ, అన్నీ ఉన్నాయి కదా" అంది.

ఉన్నాయి. ఆ పిల్లాడి భాష కూడా ఉంది. నంబరే లేదు.

28 డిసెంబరు, శనివారం

వదిన మాట కడుపులో ఉండిపోయి, హ్యూస్టన్‌లో ఉన్న నా క్లాస్‌మేట్‌ని నిద్రలేపాను. ఇద్దరం మనోవికాస్ నగర్‌లో ఒకే బెంచీ. అలీ యావర్ జంగ్ పేరిట ఉన్న వినికిడి లోపాల జాతీయ సంస్థకి సికింద్రాబాదు శాఖ అది. ఆయన మన హైదరాబాదువాడు, ఉస్మానియా వైస్ ఛాన్సలర్‌గా చేసి, మహారాష్ట్ర గవర్నరుగా ఉండగా పోయారు. బొంబాయిలో ప్రధాన సంస్థ 1983లో పెట్టారు. అంతకు ముందు ఈ చదువు కావాలంటే దక్షిణాదిలో 1965 నాటి మైసూరు సంస్థే పెద్ద దిక్కు.

నా క్లాస్‌మేట్ చెప్పింది రాసుకుంటున్నాను. 1969లో ఫ్లోరిడా మొదటగా ఈ వృత్తికి లైసెన్సు పెట్టింది. ఇప్పుడు 50 రాష్ట్రాలకీ ఎవరిది వాళ్లకుంది. మాట చికిత్సకి అక్కడ మాస్టర్స్ తప్పదు. చదువుకునేటప్పుడే 400 గంటల క్లినికల్ పని, ప్రాక్సిస్ అనే పరీక్ష, తర్వాత పెద్దవాళ్ల పర్యవేక్షణలో కనీసం 36 వారాల ఫెలోషిప్పు. టెక్సస్‌లో ఆ కాలానికి 'ఇంటర్న్' అని వేరే లైసెన్సు. చెవి పరీక్షలు చెయ్యాలంటే డాక్టరేటే చదవాలి. మనం నాలుగేళ్ల డిగ్రీలో, చివరి ఏడాది ఇంటర్న్‌షిప్పుతో కలిపి, చెవీ మాటా రెండూ నేర్చుకుని వస్తాం. అక్కడ ఆ రెండూ రెండు వేర్వేరు వృత్తులు, రెండు వేర్వేరు లైసెన్సులు. మా సీనియర్ ఒకాయన ఇక్కడ పెద్ద ఆసుపత్రిలో విభాగం నడిపి అక్కడికెళ్లి, చెవి పని చెయ్యడానికి మళ్లీ విద్యార్థిగా చేరాడట.

"మరి పక్క రాష్ట్రానికి మారితే?" అన్నాను. "మళ్లీ దరఖాస్తు, మళ్లీ ఫీజు" అంది ఆవులిస్తూ.

ఈ ఒక్క విషయంలో మన 1992 చట్టం నాకు ఇష్టం. నా నంబరుతో రేపు కొరాపుట్‌లో బోర్డు పెట్టినా, కోయంబత్తూరులో పెట్టినా అడిగే హక్కు ఎవరికీ లేదు. గీత ఒక్కటే, దేశం గీత. అయితే కొరాపుట్‌లో నేనేం చేస్తాను? కోడి బొమ్మ దగ్గరే ఆగిపోతాను. అక్కడివాళ్లు నంబరు అడగనక్కర్లేదు, నోరు తెరవమంటే చాలు. నంబరు నాకు చదువుందని చెబుతుంది. ఏ భాషలో పనికొస్తానో చెప్పదు. అమెరికా కాగితం కూడా చెప్పదు, అందుకే వదిన బాబు దగ్గర ఇంగ్లీషొక్కటే మాట్లాడమన్న మనిషికీ లైసెన్సు ఉండే ఉంటుంది.

10 జనవరి 2025, శుక్రవారం

పండగ ముందు రద్దీ తగ్గింది. కోడి బాబు మళ్లీ వచ్చాడు. అద్దం ముందు కూర్చోబెట్టి, చెంచా వెనక భాగంతో నాలుక మొనని కిందికి అదిమిపట్టి 'క' తెప్పించాను. మొదట దగ్గులా, ఆ తర్వాత శబ్దంలా వచ్చింది. దాన్ని మాటల్లోకి ఎక్కించే పని మా చింతపల్లి అమ్మాయి నోట జరిగింది. ఏ మాట ముందు, ఏది తర్వాత, ఎన్నిసార్లు, అది నేను నిర్ణయించాను. పలికింది తను. వాళ్లమ్మ నేర్చుకుని ఇంట్లో చేయించాలి.

సాయంత్రం తాళం వేస్తుంటే ఆ అమ్మాయి అడిగింది.

"మేడమ్, ఇది నేనే చేస్తే కుదరదా? మా పైన ఊళ్లల్లో ఇలాంటోళ్లు ఇంకా ఉన్నారు. ఆదివారాలు ఎల్లి చేద్దునండి."

కుదరదన్నాను. తనకి చెవుంది, ఓపికుంది, పిల్లలు ఒళ్లోంచి దిగరు, నేను పదేళ్లు చదివినా రాని భాష ఉంది. అయినా కుదరదన్నాను, మాకవరపాలెం బాబు గుర్తొచ్చి. ఆ టీచరమ్మ కూడా ఇలాగే మొదలుపెట్టి ఉంటుంది.

అడ్డదారి కాదు గానీ పొట్టి దారి ఒకటుంది. ఏడాది డిప్లొమా, డి.హెచ్.ఎల్.ఎస్. అది చేస్తే రిజిస్టరులో 'బి' నంబరు వస్తుంది. సొంతంగా క్లినిక్కు పెట్టకూడదు, నాలాంటివాళ్ల కింద చెయ్యాలి. అది చాలు, ఈ గదికి అదే కావాలి. ఇంటర్‌లో ఏం తీసుకున్నావని అడిగాను.

సి.ఇ.సి. సివిక్స్, ఎకనామిక్స్, కామర్స్.

డిప్లొమాకి ఫిజిక్సు, కెమిస్ట్రీ ఉండాలి, వాటితో మ్యాథ్సో బయాలజీయో. ఎందుకుండాలో నాకు తెలుసు. శబ్దం ఫిజిక్సు, చెవి బయాలజీ. నిబంధన తప్పని నేననను. ఆశ్రమ పాఠశాల నుంచి వచ్చిన పిల్లకి దగ్గరి కాలేజీలో ఏ గ్రూపు దొరికితే అదే జీవితం కావడం మాత్రం నిబంధన రాసినవాళ్లకి తట్టదు.

23 జనవరి, గురువారం

పింఛన్ల పునఃపరిశీలన మొదలైంది. డిసెంబరులో నవ్వుకున్నాయన రోడ్డు మీద కనపడి చెయ్యి చెవికి పెట్టి ఏటేటి అన్నాడు. బాగా నేర్చుకుంటున్నాడు.

మాకవరపాలెం బాబుకి విశాఖలో స్కానులు అయ్యాయి. ఇంప్లాంటు పడితే వారం వారం థెరపీకి ఇక్కడికే రావాలి, కనీసం ఏడాది. తాతకి ముందే చెప్పాను, ఆపరేషన్ అయితే పని అయిపోయినట్టు కాదని. "మీరున్నారు కదండి" అన్నాడు. రెన్యూవల్ ఫీజు రసీదు కూడా ఇవాళే వచ్చింది.

వదిన మళ్లీ మాట్లాడుతోంది. పెద్దమ్మ మనవడికి రోజూ కథ చెప్తోందట, వాడు వినకుండా పరిగెడుతున్నాడట. పరిగెత్తనీ, చెప్పడం ఆపొద్దన్నాను. అక్కడి థెరపిస్టుకి ఇవ్వమని, వాడు తెలుగులో పలికే మాటల పట్టిక రాసి పంపించమన్నాను. అది చెయ్యడానికి ఏ లైసెన్సూ అక్కర్లేదు, తల్లి చాలు.

మా అమ్మాయి కోసం ఓపెన్ స్కూల్ ఇంటర్ వివరాలు తెప్పించాను. ఫిజిక్సు, కెమిస్ట్రీ, బయాలజీ పరీక్షలు రాసుకోవచ్చు. ప్రాక్టికల్స్ ఎక్కడ చేయిస్తారో సెంటర్లో కనుక్కోవాలి. ఫీజు నేను కడతానంటే ఒప్పుకోలేదు, జీతంలో విరగ్గోయమంది. ఫిజిక్సులో శబ్దం పాఠం నేను చెప్తాను, కెమిస్ట్రీకి ఎవరినైనా చూడాలి. ఈలోగా కోడి బాబుకి 'డ' మొదలుపెట్టాలి. సోమవారం వాళ్లు మొదటి బస్సుకే దిగుతారు.